నాలుగు దెబ్బలు

దేముడు కంటి కట్టు మీద చెయ్యి వేశాడు. నర్సు కృపమ్మ పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

కట్టు ముట్టుకోవద్దు మావా అని చెప్పింది. ఆయనకు వినబడితే కదా. పాతికేళ్ళుగా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఇంజను బాయిలర్లకు రేకులు బిగించే రివిట్ల మోతకు చెవులు రెండూ పోయాయి. ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కంటికి పొర తీసి, కదలిక లేకుండా రెండింటికీ కట్టు కట్టారు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. తల విదిలిస్తే కుట్టు తెగుతుంది, కుట్టు తెగితే ఉన్న ఒక్క కన్నూ పోతుంది, వారం రోజులు నీదే భారం అని డాక్టరుగారు కృపమ్మకు చెప్పి వెళ్ళి గంట కాలేదు.

చూపు లేదు, చప్పుడు లేదు. ఎక్కడున్నాడో తెలియక దేముడు బెదిరిపోయాడు. ఎవరో చెయ్యి పట్టుకునేసరికి ఇంకా పెనుగులాడాడు.

పక్క మంచం మీద గణపతిరావు లేచి కూర్చున్నాడు. అతనిది మూత్రపిండాల జబ్బు. మొహం పొంగిన పూరీలా ఉబ్బిపోయి, కళ్ళు రెండు గీతలై ఉండేవి. ఉప్పు లేని తిండి, కొలిచి పోసిన నీళ్ళు. మందు చెంచా ఇలా ఇమ్మని చెయ్యి చాపాడు.

“ఆడి సెయ్యొగ్గేయమ్మా. ఆడిప్పుడు బాయిలర్లో ఉన్నాడనుకో. నాను పిలుస్తాను.”

చెంచాతో దేముడి మంచం ఇనుప కమ్మీ మీద ఒక్క దెబ్బ కొట్టాడు. దేముడి అరికాళ్ళు ఆ కమ్మీకే ఆని ఉన్నాయి. ఎక్కడివాడు అక్కడ ఆగిపోయాడు. చేతులు మెల్లగా దిగి పక్కమీద వాలాయి. గణపతిరావు మరో రెండు దెబ్బలు కొట్టాడు.

“ఏటిరా గణపతీ, నువ్వా,” అన్నాడు దేముడు వార్డంతా వినబడేలా. “నీ సెయ్యి తెలీదేటి నాకు.”

కృపమ్మ నోరు తెరుచుకుని చూసింది. గణపతిరావే విడమరిచి చెప్పాడు. బాయిలరు లోపల చీకట్లో కూర్చుని రివిట్టు అదిమి పట్టేవాడు దేముడు, బయటి నుంచి కొట్టేవాడు తను. ఆ మోతలో నోటిమాట ఎవరికి వినబడుతుంది. అందుకని సుత్తితోనే మాట్లాడుకునేవారట. ఒక దెబ్బంటే కదలకు అని. రెండంటే నేనిక్కడే ఉన్నాను అని.

“మరి బయటికి రమ్మనడానికి ఎన్ని, మావా?”

“కట్టిప్పే రోజున సెప్తాన్లే. ముందే సెప్తే నువ్వు తొందరపడి కొట్టేస్తావు.”

ఆ తరవాతి రోజులు కలలో గడిచినట్టు గడిచాయి. మధ్యాహ్నం ఆకుపచ్చ తెరల్లోంచి వెలుతురు పడితే వార్డంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. దూరంగా ఇంజను ఆవిరి వదిలేది. కట్టు వెనకాల దేముడు తన బాయిలర్లో తను హాయిగా పడుకుని, కాల్చిన రివిట్లు ముగ్గిన రేగుపళ్ళలా ఎర్రగా వచ్చి పడుతున్నాయనీ, ఒళ్ళు మాత్రం చల్లగానే ఉందనీ చెప్పేవాడు. గణపతిరావు రెండు దెబ్బలు కొట్టేవాడు. దేముడు చిన్నపిల్లాడిలా నిద్రపోయేవాడు.

దేముడి భార్య జోగమ్మ జావ తెచ్చి చెంచాతో తాగిస్తూ, మొగుడు బుద్ధిగా పడుకోవడం చూసి నివ్వెరపోయేది. “ఆ మందు సెంచా మాకిచ్చేయన్నా,” అంది గణపతిరావుతో. “ముప్పయ్యేళ్ళుగా అరుస్తున్నాను, ఒక్కనాడు ఇన్నాడా.”

ఆరోనాడు గణపతిరావుకు ఆయాసం వచ్చింది. ఉబ్బు పాదాల నుంచి పొట్ట దాకా పాకింది. వేరే గదికి మార్చడానికి స్ట్రెచరు తెస్తే, ఎక్కే ముందు చెంచా కృపమ్మ చేతిలో పెట్టాడు.

“రేపు కట్టిప్పినప్పుడు నాలుగు దెబ్బలు కొట్టు. గురుతుంచుకో, నాలుగు. అప్పుడొస్తాడు బయటికి.”

నువ్వే వచ్చి కొడుదువుగాని అంది కృపమ్మ. అతను నవ్వి కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రం వర్క్‌షాపు సైరను కూసే వేళకు ప్రాణం పోయింది.

దేముడికి ఈ సంగతి పొక్కకూడదన్నారు డాక్టరుగారు. ఏడిస్తే కుట్టు నిలవదు. కృపమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, గణపతీ గణపతీ అని పిలుస్తున్న దేముడి మంచం దగ్గరికి వెళ్ళి, అదే చెంచాతో రెండు దెబ్బలు కొట్టింది. దేముడు ఇంక పిలవలేదు.

తెల్లవారింది. డాక్టరుగారు వచ్చారు. కృపమ్మ కమ్మీ మీద లెక్క తప్పకుండా నాలుగు దెబ్బలు కొట్టింది. దేముడి పెదవులు ఒకసారి వణికి, బిగుసుకున్నాయి. కట్టు ఒక్కో చుట్టూ ఊడింది. ముందు పాలలాంటి వెలుగు, ఆ వెలుగులో కృపమ్మ తెల్ల టోపీ, దాని వెనక జోగమ్మ మొహం, ఆ మొహం మీద బొట్టు, ఒక్కొక్కటీ తేలాయి. అన్నీ కనిపిస్తున్నాయన్నాడు. జోగమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

పక్క మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. అది కనబడకుండా కృపమ్మ అడ్డంగా నిలబడింది. దేముడు అటు తిరగనే లేదు. అయినా ఉండబట్టలేక, గణపతిరావుకు నయమై ఇంటికి వెళ్ళిపోయాడని చేతులు తిప్పి సైగ చేసింది.

దేముడు ఆమె చేతిలోని చెంచా తీసుకుని దిండు కింద పెట్టుకున్నాడు. కంట్లో తడి లేదు.

“ఏడవన్లే తల్లీ, భయపడకు. నిన్న సాయంత్రం కొట్టిన రెండూ నీయే, సెయ్యి తెలిసిపోయింది. ఇయ్యేల నాలుగూ నువ్వే కొట్టినా, ఆ మాట మాత్రం ఆడిదే. బయటికి రమ్మనడానికి మూడే దెబ్బలు. నాలుగంటే, నా పనైపోనాది, నాను ముందెల్తన్నాను, నువ్వు నిదానంగా రా అని.”