పొద్దెక్కేదాకా

డోరా దుప్పటి అంచు కాస్త తప్పించి, భర్త ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి తగిలింది. అమ్మయ్య అనుకుని దుప్పటి మళ్లీ సర్దింది. మెట్టుగూడ మేడల మీదికి ఎండ ఎప్పుడో ఎక్కింది. వీధిలో స్కూలు ఆటోలు కూడా వెళ్లిపోయాయి. అబ్రహాంలో మాత్రం చలనం లేదు.

ఈ భయం పక్కింటి కమలాబాయి పెట్టింది. పోయిన వారం ఫోను పట్టుకుని వచ్చింది.

“అక్కా, గిది జెర చూడు. తొమ్మిది గంటల కంటె ఎక్కువ పండుకునేటోళ్లకు స్ట్రోక్ వచ్చుడు ఎక్కువనంట. అన్న రోజూ గట్లనే పండుకుంటడు గదా.”

“ఇన్నాళ్లూ నిద్ర లేని ఉద్యోగం కదా కమలా. ఇప్పుడు పడుకుంటున్నారు.”

“నువ్వు పరేషాన్ గాకు. ఒక్కసారి డాక్టర్‌కు సూపిస్తే అయిపోతది.”

పరేషాన్ కావద్దంటే ఆగుతుందా మనసు? డోరా తండ్రి ఒక ఉదయం మంచం మీంచి లేవబోయి లేవలేకపోయాడు. మూతి పక్కకు పోయింది, మాట పడిపోయింది. ఆ తర్వాత బతికినంత కాలం ఏం కావాలన్నా కళ్లతోనే అడిగాడు.

అబ్రహాం గూడ్సు బండి నడిపినవాడు. ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటాడో, ఏ పూట ఇంటికొస్తాడో అతనికే తెలిసేది కాదు. అలసిపోయి వచ్చిన మనిషిని అది కావాలి, ఇది కావాలి అని విసిగించడం డోరాకు చేతకాలేదు. ఏ కష్టమొచ్చినా పొద్దున్నే పడగ్గది కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఎదుట మనిషి ఉన్నట్టే మెల్లగా పైకి వినబడేలా ప్రభువుతో చెప్పుకునేది. ఆయన రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

రిటైరైన కొత్తలో అబ్రహాం కాకుల కంటే ముందే లేచి నడకకు వెళ్లేవాడు. వానలు పడుతున్నప్పుడు ఒకరోజు జ్వరమొచ్చి లేవలేదు. జ్వరం తగ్గింది గానీ ఆ రోజు నుంచి నిద్రది ఇదే వరస.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. ఈ మధ్య డోరా ప్రార్థనలు ఇట్టే ఫలిస్తున్నాయి. ఈ మోకాళ్లతో మేడెక్కి బట్టలు ఆరెయ్యలేకపోతున్నానని చెప్పుకుంది. మర్నాడు అబ్రహాం బకెట్టు అందుకుని, “పైన గాలి బాగుంటుంది, నేనెళ్తా” అన్నాడు. పప్పులో ఉప్పు తక్కువ, కూరలో కారం ఎక్కువ అంటూ వంటింట్లోకి తొంగిచూడడం మాన్పించు తండ్రీ అని వేడుకుంది. అదీ మానేశాడు.

తమ్ముడి సంగతైతే ఆమె ఆశే వదులుకుంది. అమ్మ భూస్థాపనకు అబ్రహాం డ్యూటీలో చిక్కుకుని ఆలస్యంగా వచ్చాడని శాంతికుమార్ నలుగురిలో మాట తూలాడు. అప్పటి నుంచి బావా బావమరుదులకు మాటల్లేవు. తమ్ముణ్ని చూడాలనుందని ఒక పొద్దున ఏడ్చుకుంటూ చెప్పుకుంది. ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ అబ్రహాం ఆటో డ్రైవరుతో, “మల్కాజ్‌గిరి పోనియ్” అన్నాడు. శాంతికుమార్ తలుపు తీసి బావను వాటేసుకున్నాడు.

ఇన్ని విన్న దేవుడు ఈ మనిషిని త్వరగా లేపమంటే మాత్రం వినడం లేదు.

ఇక లాభం లేదని ఆ సాయంత్రమే భర్తను వీధి చివర డాక్టర్ మాధురి క్లినిక్‌కు తీసుకెళ్లింది.

“గురక పెడతారా?” అని అడిగింది డాక్టర్.

“రాత్రంతా పెడతారమ్మా. తెల్లారేసరికి ఆగిపోతుంది. అదే నాకు భయం. ఊపిరి ఉందో లేదో చూసుకోవాల్సొస్తోంది.”

డాక్టర్ అబ్రహాం వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

“లేచాక మత్తుగా, బరువుగా ఉంటుందా?”

“లేదు మేడమ్. హుషారుగానే ఉంటుంది.”

“మరి త్వరగా లేవొచ్చు కదా?”

“లేవబుద్ధి కాదు మేడమ్” అన్నాడు మెల్లగా.

డాక్టర్ బీపీ చూసి, రక్తపరీక్షలు రాసింది. రిపోర్టులు వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టింది.

“ఎక్కువ నిద్ర వల్లే స్ట్రోక్ వస్తుందని చెప్పలేమమ్మా. ఒక్కోసారి లోపల వేరే జబ్బేదో ఉంటే నిద్ర ఎక్కువవుతుంది. అది చూడడానికే ఈ పరీక్షలన్నీ. ఈయనకు బీపీ, షుగరు, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయి. పొద్దున కాస్త నడిపించండి చాలు.”

డోరా గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. అయినా క్లినిక్ మెట్లు దిగగానే హెచ్చరించింది.

“రేపట్నుంచి నేను లేచినప్పుడే మిమ్మల్నీ లేపుతాను.”

“అప్పుడే వద్దు డోరా. నీ ప్రార్థన అదీ కానియ్. తర్వాత లేపు.”

మర్నాడు ఆమె లేచేసరికి అతను ఎప్పటిలాగే ముసుగు తన్ని ఉన్నాడు. డోరా నిట్టూర్చి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది.

“ప్రభువా, రిపోర్టులు బాగున్నాయి, నీకు స్తోత్రం. అడిగినవన్నీ ఇచ్చావు. ఇదొక్కటే ఎందుకు వినవో నాకు తెలీదు. సరే, నిద్రే ఈయనకు సుఖమైతే పడుకోనీ. మా నాన్నకు చేసినట్టు మాత్రం చెయ్యకు. ఈ మనిషి మాట నాకు కావాలి. పెళ్లయిన ఇన్నేళ్లకు నాకు మొగుడు దొరికింది ఈ ఏడాదే. ఈ సంగతి ఆయనకు చెబుదామంటే సిగ్గు. ఈ వయసులో ఏం చెప్పను? నువ్వే ఎలాగో...”

కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎంత ప్రయత్నించినా ప్రార్థన ముగించే మాట నోటికి రాలేదు.

“ఆమెన్” అని దుప్పటిలోంచి వినిపించింది.