వెనక డోరు సొట్ట

"సార్, జెర ఇటు రాండ్రి. గిదేంది?"

సునీల్‌కుమార్ కారు వెనక డోరు మీద వేలు పెట్టి చూపించాడు. సత్తిబాబు వంగి చూశాడు. అరచెయ్యంత సొట్ట.

"ఇది ముందే ఉందండీ బాబూ!"

"నేనిచ్చినప్పుడు అద్దం లెక్క ఉండె సార్. జహీరాబాద్ పోయి యాడనో గుద్దుకొచ్చిండ్రు. డెంటింగు, పెయింటింగు పైసలు కట్టుండ్రి, మీ బైకు తీస్కపోండ్రి."

బీరంగూడలో సునీల్‌కుమార్ కార్లు కిరాయికిస్తాడు. కారు తిరిగొచ్చేదాకా తీసుకెళ్లినవాళ్ల బైకు అతని షెడ్డులో పూచీగా ఉండాల్సిందే. సత్తిబాబు బైకు ఇప్పుడు అక్కడే, గొలుసు బిగించి ఉంది. అవతల ఫ్యాక్టరీలో అతని సెకండ్ షిఫ్టు మొదలవబోతోంది.

"ఆగండాగండి. బయల్దేరేముందు కారు చుట్టూ తిరిగి వీడియో తీశాను!" సత్తిబాబు ధీమాగా ఫోను తీశాడు.

సునీల్ మొహం వాడిపోయింది. ఇద్దరూ ఫోను మీదికి వంగారు. ముందు బంపరు కనిపించింది. చక్రం కనిపించింది. వెనక డోరు రావలసిన చోట మాత్రం సత్తిబాబు భార్య నాగవల్లి వచ్చింది. కొత్త చీరలో డోరుకి ఆనుకుని, నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. వీడియో అయిపోయేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

"నిలబడ్డానికి నీకింకెక్కడా చోటు దొరకలేదా?" పక్కనే ఉన్న భార్యని చూసి పళ్లు నూరాడు సత్తిబాబు.

"కారు బాగుంది, పక్కన నుంచోమని మీరేగా అన్నారు!" అంది నాగవల్లి.

"మేడం మంచిగ పడ్డరు సార్," సునీల్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఇగ పైసలు తియ్యుండ్రి."

సత్తిబాబు ఉసూరుమంటూ జేబులో చెయ్యి పెట్టబోయాడు. అంతలో కారు కిరాయికి అడుగుదామని పటేల్‌గూడ సాదుల్లా వచ్చాడు. వస్తూనే డోరు దగ్గర ఆగిపోయాడు.

"అరే సునీల్ భాయ్, గీ సొట్ట ఇంక గట్లనే ఉందేంది? రంజాన్ల నా దగ్గర పైసలు తీస్కుంటివి గద, బాగు చేయించలే?"

పక్క చాయ్ బండి వెనకనుంచి బక్కమ్మ తల బయటపెట్టింది. "నీ దగ్గర గూడ తీస్కున్నడా? మా అల్లుడు బతుకమ్మకు కట్టిండు. గుద్దలే, గుద్దలే అని ఎంత మొత్తుకున్నా ఇన్లే!"

చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా వచ్చి కారు చుట్టూ మూగారు. ఒకాయన సొట్టను ఆప్యాయంగా తడిమాడు. "కారు కన్న గిదే ఎక్వ సంపాయిస్తున్నట్టుంది."

అందరూ పగలబడి నవ్వారు. సునీల్ షెడ్డులోకి వెళ్లాడు. గొలుసు విప్పి, బైకు తనే తోసుకొచ్చి, సీటు మీద దుమ్ము చేత్తో తుడిచి మరీ తాళం ఇచ్చాడు. సాదుల్లా పైసలు, బక్కమ్మ అల్లుడి పైసలు వాపసిస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

అయినా సత్తిబాబు కోపం చల్లారలేదు. "చెయ్యని తప్పుకి డబ్బు కట్టాలంటే కడుపెంత మండుతుందో తెలుసా నీకు? నీకెవడైనా ఇలాగే చేసుంటే తెలిసేది!"

సునీల్ తల గోక్కున్నాడు.

"ఎందుకు తెల్వదు సార్? ఎనకట గీ కారునే నేను కిరాయికి తీస్కుంటుంటి. తీస్కున్నప్పుడల్లా ఆ ఓనరు గీ సొట్టకే పైసలు కట్టించుకుంటుండె. కట్టి కట్టి పరేషానై, ఆఖరుకు కారే కొనుక్కున్న!"