చెవిలో మనిషి

"చిన్నతనం గురించి అడుగు!" అవతలివైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక కూర్చున్న ప్రొఫెసరుగారు, మనోవైద్యం నేర్చుకుంటున్న డాక్టరమ్మ చెవిలోని ఇయర్‌ఫోనులో గదమాయించారు. ఆమె అడిగింది. "వద్దు, ఆలోచనలు రాయించు!" కాగితం తీసింది. ఆయనకు నిమిషానికో పద్ధతి పుట్టుకొస్తోంది. వినకపోతే ఆమె ఈ ఏడు పరీక్ష తప్పినట్టే.

వైద్యానికొచ్చి ఎదుట కూర్చున్న దర్జీ లేచాడు. "వస్తానమ్మా. మీరు మాట్లాడేది నాతో కాదు."

ఆమె ఇయర్‌ఫోను పీకి బల్లమీద పడేసింది. "నిజమేనండీ. మా సారు ఇందులోంచి ఎలా ఆడిస్తే అలా ఆడుతున్నాను."

అద్దం అవతల దబదబ బాదుడు మొదలైంది.

దర్జీ మళ్ళీ కూర్చున్నాడు. "నా చెవిలో మా అన్నయ్య ఉన్నాడు. పోయి ఆరేళ్ళయినా, నేను ఏ గుడ్డ కత్తిరించినా 'వంకర' అంటూనే ఉంటాడు."

ఇయర్‌ఫోను కందిరీగలా రొదపెడుతోంది. దర్జీ దానికేసి చూశాడు.

"తీసేస్తే ఏమీ కాదా అమ్మా?"

"ఇంకా తెలీదండీ. ఇద్దరం కలిసి చూద్దాం."