బుల్లి బస్సు, పెద్ద బస్సు

ఇశ్రాయేలు తడిగుడ్డతో బస్సు మెట్టు పక్కన రేకును తుడిచాడు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ తిరిగే ఆ బస్సుకు ఒళ్లంతా ఎర్రటి దుమ్మే. అరచేతంత మేర ఆకుపచ్చ రంగు బయటపడ్డాక, సంచిలోంచి, దాన్ని చూసి తను చేసిన బుల్లి బస్సును బయటికి తీశాడు. మూరెడు కూడా లేని ఆ చెక్క బస్సుకు చక్రాలున్నాయి, కిటికీలున్నాయి, డ్రైవరు పక్కన రబ్బరు బుడ్డి హారను కూడా ఉంది. కుదరనిదల్లా రంగు ఒక్కటే.

అతని భార్య సువార్తమ్మ చెల్లెలింటికి బయలుదేరి వచ్చి, బస్సెక్కకుండా మూటతో అక్కడే నిలబడింది. ఈ వారం కూడా రంగు కలవకపోతే కుంచెలన్నీ పొయ్యిలో పెడతానని ఆమె పాదిరిగారి ముందే చెప్పింది. ఇశ్రాయేలు కూడా పాదిరిగారి ముందే ఊ అన్నాడు.

ఆమె కోపమూ ఊరికే రాలేదు. జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా ఎంత మొండి యంత్రాన్నయినా లొంగదీసే మనిషి, ఇంట్లో గిద్దెడు రంగు దగ్గర ఏడుపుమొహం పెట్టేవాడు. తడి ఆరకముందే అతని చొక్కా మీది దూది నుసి రాలి రంగుకు అంటుకునేది. చొక్కా విప్పి కూర్చుంటే ఈగ వచ్చి వాలేది. ఉడుత తోకతో కట్టుకున్న కుంచె వెంట్రుకలను రాల్చేది, గోటితో తీయబోతే గీత పడేది. చివరికి కోళ్లగంప తెచ్చి బుల్లి బస్సు మీద బోర్లించాడు. గూడు పోయిన కోళ్లు పక్కింట్లో గుడ్లు పెట్టాయి. వాటి కోసం సువార్తమ్మ పక్కింటావిడతో పడిన గొడవ వీధంతా విన్నది.

అవన్నీ ఓర్చుకున్నాడు పాపం. ఈ బస్సు డ్రైవరు మస్తాన్ వలి ఒక మాటిచ్చాడు మరి. బుల్లి బస్సును ముందు అద్దం దగ్గర పెట్టి, దారి పొడుగునా అందరికీ ఇశ్రాయేలు పేరు చెబుతానన్నాడు. రంగు కలిశాకే ఇస్తానని ఇశ్రాయేలు పట్టుబట్టాడు.

“ఆకుపచ్చ ఆకుపచ్చే కదన్నా. నా కండ్లకు రెండూ ఒకటే” అన్నాడు మస్తాన్ వలి అప్పుడే.

“నీకు బండి తోలడం వచ్చు. రంగుల సంగతి నాకిడిసిపెట్టు” అన్నాడు ఇశ్రాయేలు.

అతని లెక్కలు అతనికున్నాయి. బస్సు పైభాగం ఎండకు వెలిసిపోయింది కాబట్టి దాన్ని నమ్మకూడదు. మెట్టు పక్క రేకు మీద ఎండ పడదు, అసలు రంగు అక్కడే నిలిచి ఉంటుంది. అందుకే ప్రతి వారమూ అక్కడే తుడిచి చూసేవాడు. మొదటిసారి బుల్లి బస్సు ముదురు తేలింది. పసుపు కలిపి తెస్తే మరీ లేతయింది. నీలం కలిపి తెస్తే మళ్లీ ముదురు. ఇంట్లో సరిగ్గా గుర్తుపెట్టుకుని కలిపిన రంగు, ఇక్కడికి రాగానే ఎలా మారుతుందో అతనికి అంతుపట్టలేదు. తన కళ్లమీదే అనుమానం వచ్చి మునగాకు కూర కూడా తిన్నాడు.

కుదరని ప్రతిసారీ డబ్బాలో మిగిలిన రంగును కాలవలో పారబోయబోయేవాడు. “పారబోస్తే ఏమొస్తాది? నాకియ్యి” అని మస్తాన్ వలి పట్టుకుపోయేవాడు. ఈపాటికి వాళ్లింట్లో తలుపులన్నీ ఆకుపచ్చగా మారిపోయి ఉంటాయని ఇశ్రాయేలు అనుకునేవాడు. పాపం, డ్రైవరు బాధలు డ్రైవరువి. శనక్కాయల మూటలు పైకెక్కించేవాళ్లు రేకులన్నీ గీకేస్తే, ఎమ్మిగనూరులో యజమాని తిట్లు తినేది అతనే.

ఈసారి ముదురుకూ లేతకూ సరిగ్గా నడుమన ఉండేటట్టు కలిపాడు ఇశ్రాయేలు. బుల్లి బస్సును రేకుకు ఆనించి, ఊపిరి బిగపట్టి చూశాడు.

లేత.

“ఇంకోతట్టు పెట్టి సూడరాదా?” అంది సువార్తమ్మ. ఆ మొహం చూసి ఆమెకే జాలేసింది.

“సూసినా ఒకటేలే. నా సేతిలో రంగు లేదు” అన్నాడు. సంచిలోంచి కుంచెల కట్ట తీసి ఆమెకిచ్చాడు. అన్నమాట అన్నమాటేనని సువార్తమ్మ పక్కనున్న టీ అంగడికి పోయి, కట్టను పొయ్యిలో పెట్టేసింది. ఉడుత వెంట్రుకలు చిటపటమని కాలి కంపు కొట్టాయి. ఇశ్రాయేలు అటు చూడలేక బుల్లి బస్సును సంచిలో దాచుకుని, పారబోయడానికి రంగు డబ్బాను బయటికి తీశాడు.

మస్తాన్ వలి టీ గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు. బస్సును ఒకసారి, ఇశ్రాయేలు చేతిలోని డబ్బాను ఒకసారి చూసి చెయ్యి చాచాడు.

“మిగిలిన రంగు ఇయ్యన్నా, ఎప్పటి మాదిరే ఈ మెట్టు పక్క రేకుకు పూస్తా.”