బీడులో చల్లిన బూడిద

బీడు మధ్యలో ఎవరో ముసలామె బూడిద చల్లుతోంది.

మామిడితోట గట్టు మీద నిలబడి ఉన్న లాల్‌బీ కంటపడింది.

కొల్లాపూర్ శివారులోని ఆ బీడు ఊరందరిదీ. చుట్టూ మామిడితోటలే. కొన్నేళ్లుగా తోటల్లో పూత విరగబూస్తోంది గానీ పిందె నిలవడం లేదు. మందులు కొట్టీ కొట్టీ తేనెటీగలను మనమే తరిమేసుకున్నామని తోటరైతు రాఘవేందర్ అందర్నీ కూర్చోబెట్టి ఒప్పించాడు. బీడును దున్నకుండా వదిలి కంచె వేశారు. అక్కడ మన అడవిపూలు పెంచితే ఏడాది పొడుగునా ఏదో ఒక పువ్వు ఉంటుంది, ఈగలు తిరిగొస్తాయి. విత్తనాలు వానల్లోపు తెస్తానని నల్లమల నుంచి ముత్తయ్య అనే ఆయన మాటిచ్చాడు. అందాకా పశువును గానీ మనిషిని గానీ బీడులోకి రానివ్వకుండా వంతులవారీగా కాపలా కాస్తున్నారు.

ఆ రోజు వంతు లాల్‌బీది. మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉంది. మనవరాలు ఇక్రాకు జ్వరం ఎంతకీ దిగడం లేదు.

"ఏయ్! ఎవరు నువ్వు?"

కేకేస్తూనే లాల్‌బీ దగ్గరికి ఉరికింది. ముసలామె తిరిగి చూసింది. జుట్టు విరబోసుకుని ఉంది. కళ్లు ఎర్రగా వాచిపోయాయి. చేతిలో మూట. మూటలో బూడిద, పసుపు, నల్లనల్లటి గింజలు.

"ఒప్పుకున్న పని బిడ్డా. చేసి పోత."

"ఒప్పుకున్న పనా? ఎవరు చేయమన్నరు?"

"పేర్లు తెల్వయ్. తోటలోల్లే."

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. పక్క తోటవాళ్లతో గట్టు తగాదా ఉన్న లాల్‌బీకి ఆ ఒక్క మాట చాలు. పిందె ఎందుకు రాలుతోందో, ఇక్రా ఎందుకు మంచం పట్టిందో అంతా ఒక్కసారిగా అర్థమైపోయింది.

"బాణామతి చేస్తున్నవా? నా పిల్లను తినెతందుకొచ్చినవా?"

మూట లాక్కుని వెనక్కి పరుగెత్తింది. గట్టు మీద చాయ్ కోసం రాజేసిన పొయ్యిలో పడేసింది. బాణామతి సామాను కాల్చేస్తేనే విరుగుతుందని ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

గింజలు మంటలో చిటపటమన్నాయి.

ముసలామె తిట్టలేదు. వెనకే వచ్చి పొయ్యి ముందు కూలబడిపోయింది.

"అన్నీ కాల్చకు బిడ్డా. జర ఉంచు."

"లేస్తవా, అందర్నీ పిలువాల్నా?"

ఆమె లేచింది. వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయింది. మంచినీళ్లు కూడా అడగలేదు.

దవాఖాన మందులకు ఇక్రా జ్వరం దిగింది. లాల్‌బీ ఆ పేరు మందులకు దక్కనివ్వలేదు.

"జాదూను నేనే కాలవెట్టిన!"

"సూది వేసింది డాక్టర్ గదా అమ్మీ," అంది కోడలు ఆఫియా.

"నీకేం తెల్వదు, ఊకో."

కూతురు శిల్ప కాన్పుకని వనపర్తి వెళ్లిన రాఘవేందర్ తిరిగొచ్చేసరికి వానలు మొదలయ్యాయి. విత్తనాలు మాత్రం రాలేదు.

"ముత్తయ్య మాట తప్పే మనిషి కాదే. ఫోన్ గూడ కలుస్తలేదు," అని పరేషాన్ అయ్యాడు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున అతనే బీడులోంచి కేకేశాడు.

"లాల్‌బీ అక్కా, జర ఇటు రా!"

బీడంతా ఉత్త గడ్డి. నడుమ ఒక్క చోట మాత్రం తుమ్మి, వెంపలి, గునుగు విరగబూసి ఉన్నాయి. వాటి నిండా తేనెటీగలు.

"ముత్తయ్య తెస్తనన్న మొక్కలే ఇవి. పురుగు పట్టకుండ గింజల్ల బూడిద, పసుపు కలిపి దాస్తడు. మరి ఎవరు చల్లిన్రు?"

లాల్‌బీ గుర్తుపట్టింది. ముసలామె నిలబడిన చోటు అదే.

ఆ రోజు నుంచి ఎక్కడ ఈగల రొద వినబడినా ఆమెకు గింజలు కాలుతున్న చప్పుడే వినిపించేది. అన్నం ముందు కూర్చుంటే "జర ఉంచు" అనే గొంతు. నమాజులో తల వంచితే ఆ విరబోసిన జుట్టు. తన ఇంట్లో తనకే భయం వేసింది. చివరికి రాఘవేందర్‌కు జరిగినదంతా చెప్పి బావురుమంది.

అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ముత్తయ్య ఊరికి పోదాం పా అక్కా. ఆ అవ్వ కాళ్ల మీద పడదాం," అన్నాడు.

నల్లమలలో ముత్తయ్య ఉండేది చెంచుల పెంట, అంటే చిన్న గూడెం. అందులో పట్టుమని పది గుడిసెలు కూడా లేవు. పక్క గుడిసెలోని జగన్ బయటికొచ్చాడు.

"మా బీడుకు విత్తనాలు తెచ్చిన అవ్వ ఉందా అన్నా?" అని అడిగాడు రాఘవేందర్.

"గురవవ్వనా? మూట కాలిపోయిందని మల్ల గింజలు ఏరనీకి అడవిలకు పోయింది. వాగు దాటుతుంటే నీళ్లొచ్చినయ్. మాకు దొరకలే."

లాల్‌బీ గుడిసె గుంజ పట్టుకుంది.

"ఎవరు కాలవెట్టిన్రో... చెప్పిందా?"

"ఎవరో పిల్లతల్లి, పిల్ల కోసం భయపడ్డది, పాపం అన్నది. అంతే."

తిట్టినా బాగుండేది. లాల్‌బీ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

"ముత్తయ్యను పిలువన్నా. ఆయన కాళ్లన్న పట్టుకుంటం," అన్నాడు రాఘవేందర్.

జగన్ వాళ్లిద్దర్నీ వింతగా చూశాడు. గుడిసె వెనకాల గడ్డి మొలిచిన మట్టిదిబ్బ చూపించాడు.

"తేనె కొయ్యబోయి కొండమీదికెల్లి పడ్డడు," అన్నాడు. "గురవవ్వ ముత్తయ్యను కన్నతల్లే గదా, కొడుకును మట్టిల పెట్టిన తెల్లారే, వాడిచ్చిన మాట పోవద్దని మూటెత్తుకొని మీ బీడుకొచ్చింది."