తమ్ముడు తినే వేళ

భోజనాల బల్ల దగ్గర, ఎత్తయిన కుర్చీలో, నిటారుగా కూర్చుని ఉంది కుక్క.

అలా కూర్చుంటే దాని తల ఎదురుగా కూర్చున్న బస్సు డ్రైవరు తలకంటే జానెడు పైన ఉంది.

దానికి గొంతుగొట్టం వదులు. తిన్నది కడుపులోకి దిగదు. అన్నం, గుమ్మడికాయ మెత్తగా ఉడికించి, మిక్సీలో వేసి, ఇలా కూర్చోబెట్టి తినిపించాలి. తిన్నాక కిందికి జారేదాకా దించకూడదు.

"పడుకోబెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే దీన్నెవరూ తీసుకోవట్లేదు," అంది దిక్కులేని కుక్కల్ని సాకే ఆవిడ.

డ్రైవరు తీసుకున్నాడు. కుర్చీ కూడా తనే చేశాడు.

"పెళ్లయ్యాక నాకొక్క ముద్ద తినిపించిన పాపాన పోలేదు మీరు," అంది భార్య.

"నీ గొంతుకేం, భేషుగ్గా పనిచేస్తోందిగా," అన్నాడతను.

నవ్వుకున్నారు.

కుక్క మాత్రం తినలేదు.

పెద్దోడా అని పిలిచారు. బంగారం అని బతిమాలారు. నోరు తెరవలేదు. డొక్కలు తేలిపోయాయి. డ్రైవరు మొహంలోకే చూస్తూ కూర్చునేది, అందులో ఇంకెవరినో వెతుకుతున్నట్టు.

ఒక పొద్దున డ్రైవరు స్పూను ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

"తమ్ముడూ, కానీ మరి," అన్నాడు. గొంతు తనది కానట్టు బొంగురుగా ఉంది.

కుక్క నోరు తెరిచింది.

గిన్నె ఖాళీ అయింది. భార్య సంతోషం పట్టలేక కుక్కనిచ్చిన ఆవిడకి ఫోన్ చేసింది.

"తమ్ముడూ అనగానే తినేసిందండీ!"



"దాని పాత యజమాని అలాగే పిలిచేవాడమ్మా. మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదే. ఆయనెక్కడున్నారిప్పుడు?"

"పోయాడు. లిఫ్టు మెకానిక్కు, ఒంటరి మనిషి. ఎడమచేత్తో దానికి తినిపిస్తూనే పోయాడు. తలుపు పగలగొట్టి చూసేసరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే ఉన్నారట."

భర్తకి చెబితే తేలిగ్గా తీసిపారేశాడు. "ఏదో నోటికొచ్చింది, అన్నాను."

కుక్కకి ఒళ్లొచ్చింది. బొచ్చు నిగనిగలాడింది.

డ్రైవరు చిక్కిపోయాడు. పనినుంచి వచ్చేటప్పుడు అపార్ట్‌మెంటు కింద లిఫ్టు తలుపుకి చెవి ఆనించి నిలబడుతున్నాడు.

"ఏం వింటున్నారండీ?"

"తాడు. అరిగింది."

"బస్సు నడిపే మనిషికి లిఫ్టు తాళ్ల గొడవెందుకు?"

అతను ఆమెకేసి చూశాడు. ఏదో గుర్తు తెచ్చుకోబోయాడు.

"నిజమే కదూ," అన్నాడు.

తర్వాతి వారం డిపో నుంచి ఫోనొచ్చింది.

"మీ ఆయనకి ఒంట్లో బాగాలేదా అమ్మా? బస్సెక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇదెలా నడుపుతారని మమ్మల్నే అడుగుతున్నాడు."

అతన్ని ఇంటికి తెచ్చి దింపి వెళ్లారు.

ఆమె ఇంకేం ఆలోచించలేదు. కుక్కని తిరిగి ఇచ్చేద్దామని గొలుసు తీసుకుంది. కుక్క కుర్చీ దిగి, బుద్ధిగా ఆమె వెంట నడిచింది. ఇద్దరూ గడప దాటారు.

వెనక ధబ్బుమని చప్పుడు.

డ్రైవరు నేలమీద ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. కుదిపింది, అరిచింది, ఛాతీమీద గుద్దింది. ఊపిరి లేదు.

కుక్క తనంతట తనే వెనక్కి వచ్చింది. వంగి అతని మొహం నాకింది.

అతను గట్టిగా గాలి పీల్చుకున్నాడు.

ఆమె గొలుసు తీసేసింది.

సాయంత్రం గుమ్మడికాయ ఉడికించింది. మెత్తగా చేసి, గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

డ్రైవరు ఓపిగ్గా తినిపించాడు. చివరి స్పూనుదాకా. మూతి తుడిచాడు. మెడ నిమిరాడు.

అప్పుడు తలెత్తి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమెని చూశాడు.

ఎంతో మర్యాదగా నవ్వాడు.

"అయ్యో, అక్కడే నిలబడిపోయారేంటమ్మా? మొహమాటపడకండి. రండి, మీరూ కూర్చోండి."

కుక్క కూడా ఆమెకేసే చూస్తోంది.

ఆమె వచ్చి, తన కుర్చీలోనే, కొసమీద ఒదిగి కూర్చుంది.