హద్దులోనే ఉంది

"ఈ ఆదివారం కూడా ఒక్కడికీ తగలకపోతే ఈ ఆట తుపాకీని అటకెక్కించేస్తానోయ్. ఇక రాను."

ఒనోదెరా ఈ మాట నవ్వుతూ అనలేదు. అందుకే కురమోచికి మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

ఒనోదెరాకు డెబ్బై ఒకటి. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన కళ్లకు ఇప్పుడు నీటికాసులు. ఆదివారాలు జట్లుగా ఆడే ఉత్తుత్తి యుద్ధంలో తను కాల్చిన ప్లాస్టిక్ గుండు ఎటు పోతోందో ఆయనకు కనబడటం లేదు. మొదటిసారి గురి తప్పినప్పుడు కురమోచి ఊరుకోవచ్చుగా! ఊరుకోలేదు.

"తప్పు మీ కళ్లది కాదండీ, తుపాకీది. నాకివ్వండి, నేను చూసుకుంటా" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఈ ఆట తుపాకులకు హంగులు బిగించేవాడు చెబితే ఎవరు నమ్మరు?

ఆ అబద్ధం మెడకు చుట్టుకుంది. ఒక వారం గురి చూడటానికి ఎర్రచుక్క కనిపించే పెద్ద అద్దం బిగించాడు. ఇంకో వారం ముందు పిడి, భుజానికి ఆనించే తేలికైన మడమ. తర్వాత కొత్త గొట్టం. ప్రతిసారీ ఒనోదెరా ఆశగా వచ్చేవాడు, తల వేలాడేసుకుని వెళ్లేవాడు. కారు నడపడం పోయింది. షోగి చదరంగం పలక మీద పావులూ కనబడటం లేదు. పెద్దాయనకు మిగిలింది ఈ ఆదివారాలే.

చివరి ప్రయత్నంగా ఆ ఆదివారం పొద్దున్నే కురమోచి తుపాకీ పొట్ట విప్పాడు. మెత్తబడిన స్ప్రింగు తీసేసి గట్టిది వేశాడు. అరిగిపోయిన నాజిల్ పీకి పారేశాడు. గుండును గొట్టంలోకి తోసేది ఆ చిటికెనవేలంత ముక్కే. కొత్తది ముందే తెప్పించి పెట్టుకున్నాడు.

ఇంతలో తలుపు దబదబా మోగింది. చెప్పిన వేళకు గంట ముందే ఒనోదెరా దిగిపోయాడు.

"ఏమోయ్, అయిందా?"

"అయింది, అయింది!"

గబగబా మరలు బిగించి ట్రిగ్గర్ నొక్కాడు. మోటారు గర్రుమంది. గుళ్లు వేసి చూసే తీరిక లేదు. ఎలాగూ మైదానం గేటు దగ్గర ప్రతి తుపాకీ వేగం కొలుస్తారు.

దారి పొడవునా అతనికి ఒకటే బెంగ. స్ప్రింగు మరీ గట్టిదేమో! గుండు వేగం చట్టం పెట్టిన హద్దు దాటితే లోపలికి రానివ్వరు. దాటిన తుపాకీతో ఎవరికైనా తగిలితే చర్మం చీలుతుంది.

గేటు దగ్గర మైదానం యజమానురాలు మకాబె తుపాకీ అందుకుంది. కొలత యంత్రంలోకి ట్రిగ్గర్ నొక్కి, తన వైపున్న అంకె చూసింది. మళ్లీ నొక్కింది. మూడోసారీ నొక్కి, ఒనోదెరా ముఖంలోకి చూసింది.

"ఎంతొచ్చింది?" అన్నాడు కురమోచి.

"హద్దులోనే ఉంది."

"అంకె చెప్పండి."

"హద్దులోనే ఉందన్నానుగా! వెనక ఇంతమంది నిలబడ్డారు, కదలండి బాబూ" అంటూ తుపాకీకి పసుపు ట్యాగు కట్టేసింది.

ఎక్కువే వచ్చి ఉంటుంది, ముసలాయన మీద జాలిపడి వదిలేసింది అనుకున్నాడు కురమోచి. కాసేపటికి ఆవిడ ఎదుటి జట్టు గుడారంలో గొంతు తగ్గించి ఏదో చెబుతూ కనిపించింది. జాగ్రత్తగా ఉండమంటోందా?

ఎదుటి జట్టు నాయకుడు హయాసె మాత్రం ఎప్పటిలాగే వచ్చాడు. "తాతా, ఇవాళైనా మమ్మల్ని కొడతావా, పాపం ఆ చెట్లనేనా?"

"చెట్లకీ నీకూ తేడా ఏముందిరా? రెండూ కదలవు!"

ఈ ఆటలో ఎవరికి తగిలిందో చెప్పే అంపైరు లేడు. తగిలినవాడే "హిట్!" అని అరిచి, చేతులెత్తి బయటికి పోవాలి. ఆ విషయంలో హయాసె నిప్పు. తగిలినా నోరు మెదపలేదని కిందటేడు సొంత తమ్ముణ్ణే జట్టులోంచి వెళ్లగొట్టాడు.

విజిల్ మోగింది. కురమోచి ఎడమ వైపు చెక్కగోడ వెనక నక్కాడు. కుడి వైపు నుంచి ఒనోదెరా తుపాకీ గర్రుమంది.

"హిట్!"

హయాసె! చేతులెత్తుకుని పొదల్లోంచి వస్తున్నాడు. "అమ్మో, తొడ మండిపోయింది తాతా! ఏం పెట్టావు అందులో?"

కురమోచి పరుగెత్తుకెళ్లాడు. "ఏదీ, చూపించు. చీలిందా?"

"నలుగురిలో ప్యాంటు విప్పమంటావేంటి అన్నా! వదిలెయ్" అని హయాసె తప్పించుకుపోయాడు.

మధ్యాహ్నం కూర అన్నం వేళకు ఆరుగురు చేతులెత్తారు. తర్వాత ఇంకో ముగ్గురు. ప్రతి "హిట్"కీ ఒనోదెరా గంతేస్తున్నాడు, కురమోచి వణుకుతున్నాడు.

"తొమ్మిదిమందోయ్!" తిరుగు దారిలో ఒనోదెరా గుళ్లు నింపే మ్యాగజైన్ తీసి కురమోచి చేతిలో పెట్టాడు. "పట్టుకుని చూడు, ఇంకా ఎంత బరువుందో. అంత పొదుపుగా కాల్చాను. నువ్వన్నది నిజమే. తప్పు నా కళ్లది కాదు."

"తుపాకీ ఈ ఒక్క వారం నా దగ్గర వదలండి. స్ప్రింగు కాస్త తగ్గించి..."

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను!" పెద్దాయన దాన్ని చంటిపిల్లలా పొదువుకుని కారు దిగిపోయాడు. "వచ్చే ఆదివారం ఏడింటికే వచ్చేస్తా."

కురమోచి ఇంటికొచ్చాడు. ఎలాగైనా బతిమాలి, ఎవరి కన్నో పోకముందే పాత స్ప్రింగు వేసేయాలనుకున్నాడు. దాని కోసం బల్ల మీద వెతుకుతూ నూనెగుడ్డ పైకెత్తాడు.

గుడ్డ కింద, కవరైనా చింపని కొత్త నాజిల్ ఉంది. అది లేకుండా ఆ తుపాకీలోంచి ఒక్క గుండైనా బయటికి రాదు.